అర్ధమే చదివావు మామయ్యా

జూన్ 3

మామయ్యకు,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "నాకేం, రాయిలా ఉన్నాను" అంటావు. ఫోన్‌లో మాట్లాడదామంటే ఆ ప్రెస్సు మోతలో పాతికేళ్ళు ప్రూఫులు దిద్దుతూ కూర్చుని చెవులు పాడుచేసుకున్నావు. సగం మాటలు వినపడవు, వినపడని సగాన్ని నీకు నచ్చినట్టు పూరించుకుంటావు. అందుకే కాగితం. నువ్వు ఎర్ర పెన్ను తీసుకుని కూర్చుంటావని తెలిసే రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. పోయినసారి వచ్చినప్పుడు "ఆ గాజు గొట్టాల్లో ఏం కలుపుతావే" అని అడిగావు, నవ్వి ఊరుకున్నాను. మా గదిలో గాజు గొట్టాల్లేవు. అరచేయంత ప్లాస్టిక్ ప్లేట్లు ఉంటాయి. ఒక్కో ప్లేటుకి మూడొందల ఎనభై నాలుగు గుంటలు, ఒక్కో గుంట కందిగింజ పట్టేంత.

మన ఒంట్లో కణం రెండుగా చీలేముందు తన డీఎన్ఏకి నకలు తీసుకుంటుంది. నకలు అన్నాక తప్పులు పడతాయి. వాటిని వెతికి, కోసేసి, సరైన అక్షరం పెట్టించే ఎంజైములు ఉన్నాయి. నీ తోటి ఉద్యోగులే అనుకో. కొన్ని ఇళ్ళల్లో ఆ దిద్దే ఎంజైముకి సంబంధించిన జీను ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటుంది. అలాంటివాళ్ళకి పేగులో తప్పులు పేరుకుపోయి చిన్న వయసులోనే గడ్డ లేస్తుంది. ఆ గడ్డలోని కణాలు ఇంకో ఎంజైము పుణ్యాన నెట్టుకొస్తుంటాయి. అది చిక్కుపడ్డ డీఎన్ఏని విప్పుతుంది. ఆ విప్పే ఎంజైముని ఆపే పదార్థం కోసం నేను వెతుకుతున్నాను. ప్రతి గుంటలోనూ ఆ ఎంజైము, దాని మీద ఒక్కో రకం రసాయనం చుక్క. ఎంజైము పనిచేస్తే గుంట వెలుగుతుంది, ఆగిపోతే చీకటి. చీకటి గుంట కనబడితే మాకు సంబరం.

ఇక అసలు సంగతి. పెద్దమామయ్య నలభై ఏడుకి పోయాడు, అమ్మ నలభై తొమ్మిదికి. ఇద్దరికీ పేగే. ఇది ఇంట్లో దిగుతున్నదేనని ఇక్కడి డాక్టరమ్మ అంటోంది. మిగిలినవాళ్ళందరూ చూపించుకోవాలంది. నేను మొదలుపెట్టాను, సోమవారం రక్తం ఇచ్చాను. నీకు యాభై రెండు నిండాయి. రక్తం సంగతి తర్వాత, ముందు పేగులోకి కెమెరా వేసి చూసే పరీక్ష చేయించుకో. ఈ ఉత్తరానికి అర్ధం అదొక్కటే.

నీ చీమ


జూన్ 12

చీమా,

నీ ఉత్తరం నాలుగు పేజీలు, నాలుగు తప్పులు. పేజీకొకటి అంటే మా ప్రెస్సులో పనిచేసేవాళ్ళకంటే నువ్వే నయం. మూడు చేయిజారినవి, వదిలేశాను. నాలుగోది మాత్రం నీకు పలక పట్టినప్పటినుంచీ ఉన్న రోగం. థ రాయాల్సినచోట ధ రాస్తావు. అర్థం అంటే భావం. అర్ధం అంటే సగం. "ఈ ఉత్తరానికి అర్ధం అదొక్కటే" అన్నావు. మిగతా సగం ఎక్కడుందే అని మీ అత్తయ్యని అడిగాను. ఆవిడ నా వంక ఒక చూపు చూసి లోపలికి పోయింది.

మా ప్రెస్సుకి ఇప్పుడన్నీ మందుపెట్టెల్లో మడతపెట్టి పెట్టే చీటీలే. చీమతలకాయంత అక్షరాలు. మొన్న ఒకదాంట్లో "భోజనానికి ముందు" అనేది కొమ్ము ఊడిపోయి "భోజనానికి మందు" అయి కూర్చుంది. నేను పట్టుకోకపోతే లక్ష పెట్టెల్లోకి వెళ్ళిపోయేది. యజమాని వచ్చి భుజం తట్టాడు. కంప్యూటరు పట్టుకోలేనిది నేను పట్టుకున్నానని పదిమందికీ వినపడేలా చెప్పాడు. ఆ రోజంతా కాలు నేలమీద ఆనలేదు.

అందుకే నీ మీద కాస్త కోపంగా ఉంది. దిద్దేవాడు ఒకడు లేకుండా పోయాడు, పాపం వాడి బదులు చిక్కులు విప్పుకుంటూ ఇంకొకడు బండి లాగుతున్నాడు. వాణ్ణి కూడా పనిలోంచి పీకేయడానికి మందు వెతుకుతున్నావా? నిన్ను పెంచింది ఇందుకా? ఏదన్నా బాగుచేసే మందు కనిపెట్టు తల్లీ.

రక్తం ఇచ్చావంటే మాత్రం కడుపు నిండింది. ఎవరి ప్రాణమో నిలబడుతుంది. మీ అమ్మ కూడా ఏడాదికోసారి ఇచ్చొచ్చేది. పళ్ళరసం తాగు, రెండు రోజులు బరువులు మోయకు.

నా గురించి బెంగ పెట్టుకోకు. రాయిలా ఉన్నాను. కాస్త ఒళ్ళు కూడా తగ్గింది, బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడిచాను. ఆ కెమెరా గొడవంటావా, నీ మందు దొరికిన రోజున తప్పకుండా వెళ్తాను. మాటంటే మాటే.

మామయ్య


జూలై 1

మామయ్యకు,

మాట మార్చడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. రక్తం గురించి నీ వేళాకోళం చదివి కోపం వచ్చింది, తర్వాత నవ్వూ వచ్చింది. పళ్ళరసం తాగాలా! సరే, తాగానులే.

నువ్వు జాలిపడుతున్న ఆ రెండోవాడి గురించి ఒక మాట. మంచి కణాల్లో దిద్దేవాడు ఉన్నాడు కాబట్టి విప్పేవాడు ఒకరోజు రాకపోయినా పని ఆగదు. గడ్డలోని కణాలకి మాత్రం వాడు తప్ప దిక్కులేదు. వాణ్ణి ఆపితే గడ్డ చస్తుంది, మనిషి మిగులుతాడు. అదీ మా ఆలోచన. నేను ఎవరి ఉద్యోగమూ తీయడం లేదు.

ఇప్పుడు కూర్చుని చదువు. దొరికాయి. రెండొందల పన్నెండు ప్లేట్లు చూశాక నలభై ఒక్క చీకటి గుంటలు తేలాయి. వాటిలో ఒకటైతే బొగ్గులా ఉంది. మెషీను దగ్గర పనిచేసే అన్న దానికి "నల్లోడు" అని పేరు కూడా పెట్టాడు. ఆగస్టు మొదట్లో మా పెద్ద మేడం ముందు ఈ జాబితా చదవాలి. ఆవిడ తల ఊపితే పని ముందుకెళ్తుంది. లేకపోతే మా బల్లలు, మా మెషీను వేరే జట్టుకి వెళ్ళిపోతాయి. ఆవిడ అచ్చుతప్పు కనబడితే కాగితం పక్కన పెట్టేసే మనిషి. జాబితా దీంతోపాటే పంపుతున్నాను, ఒకసారి చూసిపెట్టు.

నీ మందు దొరికిన రోజున వెళ్తానన్నావు. ఇది మందు కాదు, మందయ్యేసరికి ఏళ్ళు పడుతుంది. అయినా నీ మాట పట్టుకుంటున్నాను. దొరికింది కాబట్టి వెళ్ళు.

ఇంకో సంగతి. నా రక్తం ఫలితం వచ్చింది. పాజిటివ్. ఇంతకంటే రాయడానికి చేతులాడటం లేదు. నీకు అర్ధమవుతుందిగా.

చీమ


జూలై 10

చీమా,

పాజిటివ్ అయితే చేతులాడకపోవడం దేనికే పిచ్చిదానా? మీ అమ్మదీ పాజిటివే. పెద్దన్నయ్యదీ పాజిటివే. నాదీ అంతే, నా జేబులో కార్డు కూడా ఉంది. మన ఇంటి రక్తమే అది. నెగటివ్ అయితే బాధపడాలి, అవసరానికి రక్తం దొరకదు కాబట్టి. నీకు పుట్టినప్పుడే చూశారు, నేనే వెళ్ళి కాగితం తెచ్చాను. ఇన్నాళ్ళూ తెలియదా నీకు? మీ అత్తయ్యకి చెబితే ఎందుకో ముఖం అదోలా పెట్టింది. "ఆ ఉత్తరం ఇలా ఇవ్వండి" అంది. ప్రెస్సులో మర్చిపోయానని చెప్పాను, నిజంగానే అక్కడ ఉంది.

జాబితా నాలుగుసార్లు చూశాను. అచ్చుతప్పుల్లేవు. ఒకచోట చుక్క రెండుసార్లు పడింది, అంతే. కానీ నాకొక అనుమానం వచ్చింది, అడిగితే నవ్వుతావేమో. ప్రతి గుంటకీ ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె పెట్టారు కదా. పైవరుస ఏ, అట్టడుగు వరుస పీ అని నువ్వే పక్కన రాశావు. నీ నలభై ఒక్క పేర్లలో ముప్ఫై మూడు ఏతోనో పీతోనో మొదలవుతున్నాయి. మధ్యలో పధ్నాలుగు అక్షరాలున్నాయి, వాటన్నిటికీ కలిపి ఎనిమిదే. నాకు రసాయనాల సంగతి తెలియదు. కానీ మా ప్రెస్సులో పేజీకి పైవరుసా కిందివరుసా మాత్రమే అలుక్కుపోతే మేం రాసినవాణ్ణి అనం, మెషీనుని అంటాం. మీ నల్లోడు కూడా పీ వరుసలోనే ఉన్నాడు.

చెప్పకుండా ఊరుకుందామని రెండు రోజులు అనుకున్నాను. నువ్వంత సంబరపడుతూ రాశావు. కానీ తప్పు కనబడ్డాక ఊరుకోవడం నా చేత కాదు.

అది నిజమైతే ఇంకా మందు దొరకనట్టే. అంటే నా కెమెరా కూడా ఆగినట్టే. ఇందులో నా స్వార్థమేమీ లేదు.

ప్రెస్సు రెండో అంతస్తుకి మార్చారు. మెట్ల మధ్యలో ఒక కిటికీ ఉంది, అక్కడ ఆగి వీధి చూస్తుంటే హాయిగా ఉంటుంది. రోజూ కాసేపు కూర్చుంటున్నాను.

మామయ్య


జూలై 17

మామయ్యా,

ముందు నీకు దక్కాల్సింది నీకు ఇస్తాను. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ ముప్ఫై మూడింటినీ ప్లేటు మధ్య గుంటల్లో పెట్టి మళ్ళీ చూశాను. అన్నీ వెలిగాయి. నల్లోడు అందరికంటే బాగా వెలిగాడు. ప్లేటు అంచు గుంటల్లో నీళ్ళు త్వరగా ఆరిపోతాయి, ఉప్పు చిక్కబడుతుంది, దాంతో ఎంజైము దానంతటదే ఆగిపోతుంది. ఈ సంగతి మా పనిలో చేరిన మొదటివారమే నేర్పుతారు. మూత సరిగ్గా బిగుసుకోలేదని ఎవరమూ చూసుకోలేదు. చలిగది గుమ్మం దగ్గర కింద కూర్చుండిపోయాను. మెషీను అన్న వచ్చి పక్కనే కూర్చున్నాడు.

అది నా తప్పు. ఇక నీది.

నేను రక్తదానం చేయలేదు. పరీక్షకి ఇచ్చాను. పాజిటివ్ అంటే గ్రూపు కాదు. అమ్మలో పాడైన జీను నాలోనూ ఉందని. నాకూ ఆ గడ్డ రావచ్చని. మొదటి ఉత్తరంలో రెండు పేజీలు దాని గురించే రాశాను. నువ్వు అందులో ధలూ థలూ లెక్కపెట్టుకున్నావు. నేను ఏడుస్తూ రాసిన వాక్యానికి నువ్వు బ్లడ్ గ్రూపు కార్డు తీసి చూపించావు. నా ఉత్తరం నువ్వు చదివింది అర్ధమే మామయ్యా. ఈసారి కావాలనే ధ రాశాను.

నీ ఉత్తరాలు మాత్రం నేను మొత్తం చదివాను. రెండూ దీంతో తిప్పి పంపుతున్నాను, నీ గుర్తులతోనే నీ ఉత్తరాల్ని దిద్దాను. "ఒళ్ళు తగ్గింది" కింద ఎర్రగీత. "కొత్త బెజ్జం" కింద ఎర్రగీత. మెట్ల దగ్గర "రోజూ కాసేపు కూర్చుంటున్నాను" కింద రెండు గీతలు. పాతికేళ్ళుగా పేజీల కట్టలు మోస్తూ తిరిగిన మనిషికి వీధి చూడాలని ఇప్పుడెందుకు అనిపించింది? ఆయాసం వస్తోందా? లోపల ఎక్కడో రక్తం పోతే అలాగే ఉంటుంది. అత్తయ్యకి ఫోన్ చేశాను. నువ్వు తెల్లగా పాలిపోయావని చెప్పింది, గట్టిగా అంటే నువ్వు అన్నం ముందునుంచి లేచిపోతావని చెప్పింది.

పెద్దమామయ్య పిల్లలిద్దరికీ కూడా ఫోన్ చేశాను. "మాకేం లేదు, నువ్వు ల్యాబులో ఉండి ఉండి అన్నిటికీ భయపడుతున్నావు" అని పెట్టేశారు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు.

మందు దొరికితే వెళ్తానన్నావు. మందు లేదు. ఇంకో పదేళ్ళు లేకపోవచ్చు. అయినా వెళ్ళాలి. ఎప్పుడు వెళ్తున్నావో తేదీ రాయి. తేదీ లేని ఉత్తరమైతే రాయకు.

నీ అక్క కూతురు


జూలై 27

అమ్మా,

పరీక్ష తేదీ రాయడం లేదు. అలాంటి ఉత్తరం రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. నువ్వు చీమ అని సంతకం పెట్టలేదు కాబట్టి నేనూ ఆ పేరు వాడటం లేదు.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. ఈసారి పెన్ను లేకుండా. నువ్వు చెప్పింది కళ్ళ ముందే ఉంది, నల్లని సిరాతో. ఎలా తప్పిపోయిందో చెబితే నవ్వుతావు. మా పనిలో మొదట నేర్పేది అదే, విషయంలో పడొద్దని. విషయంలో పడితే కన్ను పరుగెడుతుంది, తప్పు దాటిపోతుంది. అక్షరం చూడు, మాట చూడు, వాక్యం ఏమంటోందో నీకనవసరం. పాతికేళ్ళు అలా చదివి చదివి నాకింకోలా చదవడం రాకుండా పోయింది. ఇది సంజాయిషీ కాదు. ఇంతకంటే పెద్ద తప్పు ఒకటి ఉంది, అది చెప్పడానికే కూర్చున్నాను.

మీ అమ్మ పోయిన ఏడాదికి ముందు వేసవిలో ప్రెస్సుకి వచ్చింది. నువ్వప్పుడు పరీక్షల్లో ఉన్నావు. నన్ను బయటికి పిలిచి, రక్తం పడుతోందిరా అంది. ఎవరికీ చెప్పుకోలేక తమ్ముడి దగ్గరికి వచ్చింది. ఆ వారం నేను చూస్తున్నది మొలల మందు చీటీ. అందులో లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి, నాకు కంఠతా వచ్చు. చదివి వినిపించాను. "అక్కా, ఇవి మొలలే, నూటికి తొంభైమందికి ఉంటాయి, ఈ పూత రాసుకో" అన్నాను. ఆ మందే ఒక గొట్టం చేతిలో పెట్టాను. అదే చీటీలో అడుగున ఇంకో వాక్యం ఉంది: రెండు వారాల్లో తగ్గకపోతే వెంటనే వైద్యుణ్ణి కలవండి. ఆ వాక్యంలో కామా సరిచేసింది నేనే. అక్కకి చదివి వినిపించలేదు.

ఎనిమిది నెలలు నా మాట మీద ఉండిపోయింది. మధ్యలో రెండుసార్లు అడిగితే నేను అదే చెప్పాను. చివరికి పరీక్ష చేయించినప్పుడు డాక్టరు, ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చారు అని నన్నే అడిగాడు. అక్క నా వంక చూసి, "నేనే నిర్లక్ష్యం చేశాను డాక్టరుగారూ" అంది.

నీకు చెప్పాలని ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ కెమెరా బల్ల మీద పడుకోవాలంటే నాకు భయం, నిజమే. దానికంటే పెద్ద భయం ఇంకొకటి. నాకు త్వరగా కనిపెట్టి బాగుచేస్తే, అక్కకి దక్కనిది నేను దక్కించుకున్నట్టు ఉంటుంది. అది నేను తట్టుకోలేను.

నువ్వు మళ్ళీ రాయకపోయినా తప్పు పట్టను.

మామయ్య

(ఆయన పోస్టు చేయమని ఇచ్చారు, విప్పి చదివాను. నాకూ ఇవాళే తెలిసింది. నువ్వు ఏం రాయాలనుకుంటే అది రాయి, కానీ త్వరగా రాయి. ఈ వారంలో బెల్టుకి ఇంకో బెజ్జం పొడిచారు. — అత్తయ్య)


ఆగస్టు 5

మామయ్యా,

నీ ఉత్తరం చదివిన రోజు ల్యాబులో ఒక ప్లేటు ఎత్తి నేలకేసి కొట్టాను. ఖాళీదేలే.

నిన్ను క్షమించానని రాస్తే నీకు తేలిగ్గా ఉంటుంది. ఇప్పుడు రాయలేను. ఆ ఎనిమిది నెలలు నాకు కావాలి. అమ్మ నాకు కావాలి. నీ మీద కోపం తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకే తెలియదు. అన్నాళ్ళూ నువ్వు బతికి ఉండాలి. కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు మిగిలింది నువ్వొక్కడివే.

అమ్మకి దక్కనిది నువ్వు దక్కించుకుంటే తట్టుకోలేనన్నావు. అమ్మ డాక్టరు ముందు ఆ మాట ఎందుకు అందో ఆలోచించు. నువ్వు తల దించుకుని చచ్చిపోవాలని అనలేదు. నిన్ను కాపాడుకుందామని అంది. ఆవిడ చివరిగా కాపాడిన మనిషిని నువ్వు పాడుచేస్తున్నావు.

పోయిన గురువారం నేను ఆ బల్ల మీద పడుకున్నాను. ముందురోజు తాగించే నీళ్ళు మహా దరిద్రంగా ఉంటాయి, దాచను. మిగతాది తెలియదు, నిద్రపుచ్చుతారు. రెండు చిన్న బుడిపెలు కనబడ్డాయి, అప్పుడే తీసేశారు. ఇంకో నాలుగేళ్ళు వదిలేస్తే అవే గడ్డలయ్యేవి. ఇకనుంచి ఏడాదికోసారి వెళ్తాను. నేను చేయగలిగింది అది, చేస్తాను.

నిన్న పెద్ద మేడం ముందు నిలబడ్డాను. నలభై ఒకటి తెస్తానని చెప్పి ఎనిమిది తెచ్చానని, ముప్ఫై మూడు ఎలా పోయాయో చెప్పాను. ఆ తప్పు పట్టుకుంది ఎవరని అడిగింది. మందుచీటీలు దిద్దే మా మామయ్య అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఇంకో ఆరు నెలలు ఇచ్చింది. రెండొందల పన్నెండు ప్లేట్లూ మళ్ళీ మొదటినుంచి చూస్తున్నాం. అంచు గుంటల్లో ఉత్త నీళ్ళు పోసి వదిలేస్తున్నాం.

పదమూడో తేదీ, ఉదయం తొమ్మిదిన్నర. అత్తయ్యతో మాట్లాడి నేనే రాయించాను. వెళ్ళు.

చీమ


ఆగస్టు 15

చీమా,

వెళ్ళాను. నీళ్ళ గురించి నువ్వు తక్కువ చేసి రాశావు.

ఉంది. పేగుకి కుడిపక్కన, నిమ్మకాయంత. డాక్టరు చిన్నవాడు, నెమ్మదైన మనిషి. బొమ్మ చూపించి, ఇంకా గోడ దాటలేదు, పక్కకి పాకలేదు, కోసి తీసేయొచ్చు అన్నాడు. ఇరవై ఒకటిన ఆపరేషను. ముక్క తీసి పరీక్షకి పంపారు. దిద్దే ఎంజైము అందులో లేదట. నువ్వు రాసినట్టే.

సంతకానికి ముందు ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఇంకెవరికి వచ్చింది, ఎన్నేళ్ళకి, ఎప్పుడు కనిపెట్టారు. నర్సు నింపుతానంది. నేనే నింపుతానన్నాను. అక్క గడిలో ఆలస్యానికి కారణం అని ఒక గీత ఉంది. అక్కడ నా పేరు రాశాను.

భయంగా ఉంది. నీకు అబద్ధం చెప్పను. అయినా ఇరవై ఒకటిన వెళ్తాను, మీ అత్తయ్య తోయకుండానే.

మామయ్య


ఆగస్టు 18

మామయ్యా,

ఇది నీకు ఆపరేషనుకి ముందే అందాలని మెషీను అన్న బండి మీద వెళ్ళి పెద్ద పోస్టాఫీసులో వేసొస్తానన్నాడు. అందుకే చిన్నది.

ఎనిమిదిలో మూడు నిలిచాయి. మధ్య గుంటల్లో, మూడేసి సార్లు. నల్లోడంత ఘాటుగా లేవు కానీ నిజం. ఇరవైన బయల్దేరుతున్నాను. నువ్వు కళ్ళు తెరిచేసరికి మంచం పక్కనే ఉంటాను. కోపంగానే ఉంటాను, ఏమీ అనుకోకు.

చీమ


సెప్టెంబరు 14

చీమా,

నువ్వు వెళ్ళి పదిరోజులైంది. కుట్లు విప్పారు. మెత్తగా తింటున్నాను. నువ్వు ఇక్కడున్న రెండు వారాల్లో నాతో మాట్లాడింది మొత్తం నాలుగు వాక్యాలు, అందులో మూడు "లేచి నడు". నడుస్తున్నాను. గది ఆ చివరినుంచి ఈ చివరికి మొదట ఆరుసార్లు, ఇప్పుడు నలభై. యజమాని వచ్చి చూసి వెళ్ళాడు, నా బల్ల అలాగే ఉంచాడట.

నీ చేతికి ఇచ్చిన సంతకం కాగితం మీ ల్యాబువాళ్ళకి పనికొచ్చిందా? నా గడ్డలోని కణాల్ని పెంచి ఆ మూడు పదార్థాలూ వాటి మీద వేసి చూడొచ్చన్నావు. వేసి చూడండి. చచ్చాయో లేదో దాచకుండా రాయి. చావకపోతే నాలుగోది వెతకండి.

నీ మీద ఒక పని మిగిలిపోయింది. అది నేను చేశాను. పెద్దన్నయ్య పిల్లలు నీ మాట పెడచెవిన పెట్టారు కదా. నేను ఫోన్ చేస్తే వాళ్ళకి నా మాట, నాకు వాళ్ళ మాట వినపడదు. అందుకే ఇద్దరికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను. నాలుగు రోజులు పట్టింది. జీను, ఎంజైము, కెమెరా అన్నీ నువ్వు నాకు రాసినట్టే రాసి చూశాను. చదివితే మందుచీటీలా ఉంది. మడతపెట్టి పెట్టెలో పడేస్తారు. చించేశాను.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మొదటి వాక్యం ఇది: "మీ అత్తకి ఏమీ లేదని చెప్పి ఎనిమిది నెలలు ఆపి, ఆవిడ చావుకి కారణమైనవాణ్ణి నేనే. ఇప్పుడు మీకు ఏమీ లేదని చెప్పలేను."

మీ అత్తయ్య చదివి, అంత మాట అవసరమా, పిల్లలు మీ ముఖం చూడకపోతే ఏం చేస్తారు అంది. ఎర్ర పెన్ను పక్కనే ఉంది. కొట్టేయాలనిపించింది. ఆ వాక్యం తీసేసినా ఉత్తరం నిలబడుతుంది, ఇంకా అందంగా కూడా ఉంటుంది. కానీ అది ఉంటేనే వాళ్ళు రెండో వాక్యం చదువుతారు. నా ముఖం చూడకపోయినా పర్లేదు, డాక్టరు ముఖం చూడాలి.

కొట్టేయలేదు. రెండు కవర్లూ అంటించి, మీ అత్తయ్య వద్దంటున్నా వినకుండా మెట్లు దిగి వెళ్ళి డబ్బాలో వేసొచ్చాను.

మామయ్య